ముందు లెక్క, తర్వాత పెట్టె: చిన్న స్టూడియోకి షేర్డ్ స్టోరేజీ

హైదరాబాద్‌లో చిన్న ఎడిటింగ్, సౌండ్ స్టూడియోలు నడిపేవాళ్ల కోసం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సౌండ్ వాళ్లు ఇంతమంది ఉన్న గదిలో ఆ మాట అడగడానికి కూడా భయమే.

ఒక ప్రశ్న అడుగుతాను. మీ స్టూడియోలో ఒక ఎడిటర్ దగ్గర్నుంచి ఇంకో ఎడిటర్ దగ్గరికి ఫుటేజ్ ఎలా వెళ్తుంది? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పీకి చేతికిస్తారు. డీఐకి, అంటే కలర్ సరిచేసే చోటికి వెళ్లాలంటే? ఇంకో డిస్క్. సౌండ్‌కి వెళ్లాలంటే? ఇంకో డిస్క్, బైక్ మీద. కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్‌కి రోజుకి ఎన్ని డిస్కులు బ్యాగుల్లో తిరుగుతుంటాయో! మూడో రోజుకి ఒకే ప్రాజెక్టు నాలుగు డిస్కుల్లో ఉంటుంది. ఏది లేటెస్ట్? "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ ఫైనల్", "ఇదే ఫైనల్". నవ్వకండి, మీ డిస్కుల్లోనూ ఉన్నాయి.

అప్పుడు ఎవరో చెబుతారు, "నాస్ కొనేయండి సార్, అన్నీ సెట్ అయిపోతాయి" అని. నాస్ అంటే అందరి మెషీన్లూ నెట్‌వర్క్ వైరు మీద కలిసి వాడుకునే డిస్కుల పెట్టె. దాని కోసం సికింద్రాబాద్ సీటీసీకి, కంప్యూటర్ సామాన్ల బజారుకి, వెళ్తారు. షాపతను అడుగుతాడు, "ఎన్ని టీబీ కావాలి?" మీరొక అంకె చెప్తారు. పెట్టె వస్తుంది. వైరు గుచ్చుతారు. ముగ్గురు ఎడిటర్లు ఒకేసారి ప్లే నొక్కుతారు. ముగ్గురికీ ఆగిపోతుంది. నాలుగో రోజు నుంచి ఎవరి డిస్కు వాళ్లదే, ఆ పెట్టె పాత ప్రాజెక్టులు పడేసే గోదాం అవుతుంది.

తప్పు పెట్టెది కాదు. తప్పు ఆ ప్రశ్నది. "ఎన్ని టెరాబైట్లు" అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "సెకనుకి ఎన్ని మెగాబైట్లు". ఇవాళ మీరు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా పర్లేదు గానీ, ఈ లెక్క ఒక్కటి నేర్చుకుని వెళ్లండి. దాని కోసం ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

సెకనుకి ఎన్ని మెగాబైట్లు

ఒక మామూలు పని తీసుకుందాం. రెండు కెమెరాల ఇంటర్వ్యూ. యూట్యూబ్ చానళ్లకి పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి అదే తీసుకుంటున్నాను. యూహెచ్‌డీ, అంటే 3840 బై 2160, సెకనుకి 25 ఫ్రేములు, ప్రోరెస్ 422, అంటే ఎడిటింగ్‌కి వాడే ఆపిల్ వీడియో ఫార్మాట్. ఆపిల్ వాళ్లు ఇచ్చిన పట్టికలో దీనికి సెకనుకి 492 మెగాబిట్లు అని ఉంటుంది. బిట్లు, బైట్లు వేరు. ఎనిమిదితో భాగిస్తే దాదాపు 62 మెగాబైట్లు. ఇది ఒక్క కెమెరాకి. మల్టీకామ్‌లో రెండూ ఒకేసారి నడుస్తాయి, అంటే 124. ఇలాంటివాళ్లు ముగ్గురు కూర్చుంటే? 370 పైచిలుకు.

ఇప్పుడు మీ గోడలో ఉన్న మామూలు గిగాబిట్ వైరు సంగతి. కాగితం మీద సెకనుకి 125 మెగాబైట్లు. చేతికొచ్చేది 110 దాకా. మనకి కావలసింది ఒక్క ఎడిటర్‌కే 124. అంటే ఏమిటి? మీరు ఎన్ని లక్షలు పెట్టి ఎంత గొప్ప నాస్ కొన్నా, ఆ ఒక్క ఎడిటర్ ఒంటరిగా కూర్చున్నా సరే, ఆ వైరు మీద రెండు కెమెరాలు సాఫీగా నడవవు. పెట్టె కొనకముందే మనకి ఇది తెలిసిపోయింది, అవునా?

అదే మీరు ఇంకా మెరుగైన క్వాలిటీ, ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో పనిచేస్తే? 737 మెగాబిట్లు, అంటే 92 మెగాబైట్లు. ఒక్క స్ట్రీమ్‌తోనే గిగాబిట్ వైరు నిండినట్టు. గంట ఫుటేజ్ 330 జీబీ దాటుతుంది.

ఇక రెండో వైపు చూడండి. అదే ఫుటేజ్‌కి 1080లో ప్రోరెస్ ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ వరకు వాడే తేలికపాటి నకలు, చేసుకుంటే సెకనుకి 38 మెగాబిట్లు. ఐదు మెగాబైట్లు కూడా లేదు. అదే పాత గిగాబిట్ వైరు మీద నాలుగు కెమెరాల మల్టీకామ్ హాయిగా నడుస్తుంది. ముగ్గురు ఎడిటర్లకీ కలిపి అరవై మెగాబైట్లు. అంటే మీలో సగం మందికి కొత్త నెట్‌వర్కే అక్కర్లేదు, ప్రాక్సీ అలవాటు కావాలి. ఆ మాట చెబితే నాకు వ్యాపారం ఉండదు, అయినా చెబుతున్నాను. కలర్ చేసే మెషీన్ ఒక్కదానికి మాత్రం ఒరిజినల్స్ కావాలి. దానికి ఒక్కదానికి మంచి లైను వేయండి, మిగతావాళ్లు ప్రాక్సీ మీద నడుస్తారు.

మధ్యలో ఒక దారి ఉంది, చిన్న స్టూడియోలకి నాకు బాగా నచ్చేది అదే. 2.5 గిగాబిట్. ఈ మధ్య వచ్చిన మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఆ పోర్టు ఉండనే ఉంది, మీరు గమనించి ఉండరు. చేతికి 280 మెగాబైట్ల దాకా వస్తుంది. మన లెక్కలో ప్రోరెస్ 422 స్ట్రీములు నాలుగు. నాస్ నుంచి స్విచ్చికి, అంటే వైర్లన్నీ కలిసే పెట్టెకి, మాత్రం 10 గిగాబిట్, స్విచ్చి నుంచి ఎడిటర్లకి 2.5. అలాంటి స్విచ్చిలు ఇప్పుడు దొరుకుతున్నాయి. గోడలో ఉన్న క్యాట్ 5ఈ వైరు మీద కూడా 2.5 వెళ్తుంది, గోడ పగలగొట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక అపోహ. "నా నాస్‌కి రెండు గిగాబిట్ పోర్టులున్నాయి, రెండూ కలిపేశాను, రెండు గిగాబిట్లు వస్తాయి" అంటారు. మామూలుగా రావు. లింక్ అగ్రిగేషన్ అనే ఈ కలపడంలో ఒక మెషీన్ చేసే ఒక కాపీ ఒకే వైరు మీద వెళ్తుంది. ఇద్దరు ఎడిటర్లుంటే ఒకరు ఈ వైరు, ఒకరు ఆ వైరు వాడుకోవచ్చు, అదీ అదృష్టం బాగుంటే. ఒక్కడికి రెట్టింపు వేగం మాత్రం రాదు.

ఆగింది ఎక్కడ?

ప్లే నొక్కితే ఆగుతోంది. వెంటనే ఏమంటారు? "నెట్‌వర్క్ స్లో." ఎప్పుడూ నెట్‌వర్కేనా? సోనీ కెమెరా నుంచి వచ్చిన ఎక్స్‌ఏవీసీ ఎస్ ఫైలు తీసుకోండి. 4కే, సెకనుకి 100 మెగాబిట్లు. పన్నెండున్నర మెగాబైట్లు. ఇది నెట్‌వర్క్‌కి ఒక లెక్కలోది కాదు. కానీ అది లాంగ్ గాప్. ఒక ఫ్రేము చూపించడానికి ముందువెనకల ఫ్రేములన్నీ విప్పాలి. ఆ పని చేసేది మీ కంప్యూటర్. అది తడబడితే నెట్‌వర్క్‌ని తిడతారు.

తేల్చుకోవడం ఎలా? ఆ ఆగిపోయే క్లిప్పుని మెషీన్‌లో ఉన్న ఎస్ఎస్‌డీ మీదకి కాపీ చేయండి. అక్కడ నుంచి ప్లే చేయండి. అక్కడా ఆగిందా? అయితే స్టోరేజీకి సంబంధం లేదు, ప్రాక్సీ చేసుకోండి లేదా మెషీన్ మార్చండి. అక్కడ ఆగలేదా? అప్పుడు నెట్‌వర్క్ దగ్గరికి రండి. ఐపర్ఫ్ 3 అని ఒక ఉచిత టూల్ ఉంది, అది డిస్కుల్ని ముట్టుకోకుండా వైరు వేగం మాత్రమే కొలుస్తుంది. 10 గిగాబిట్ వైరు మీద 9 పైన చూపిస్తే వైరు బాగున్నట్టు. 1 దగ్గర ఆగితే మధ్యలో ఎక్కడో పాత స్విచ్చి ఉంది, వెతకండి. వైరు బాగుండి కూడా ఆగుతోందంటే అప్పుడు డిస్కులు.

డిస్క్ స్పీడ్ టెస్టులతో జాగ్రత్త. ఐదు జీబీ ఫైలు రాసి, అదే చదివి, "ఓహో" అనే అంకె చూపిస్తాయి. ఆ ఐదు జీబీ నాస్ ర్యామ్‌లోనే కూర్చుని ఉంది, డిస్కు దాకా పోలేదు. నాస్‌లో ఎంత ర్యామ్ ఉందో అంతకు ఎన్నో రెట్లు పెద్ద ఫోల్డర్ చదివించి చూస్తేనే అసలు రంగు బయటపడుతుంది.

శాన్ అంటే ఏమిటి, మనకెందుకు వద్దు

పెద్ద స్టూడియోలు శాన్ వాడతాయి, మనమూ అదే పెట్టుకుందామా అని అడుగుతుంటారు. తేడా ఒక్క నిమిషంలో చెప్తాను. నాస్ దగ్గర మీరు ఫైలు అడుగుతారు, అది ఫైలు ఇస్తుంది. ఎవరు ఏ ఫైలు రాస్తున్నారో చూసుకునే బాధ్యత నాస్‌దే. శాన్‌లో మీ మెషీన్‌కి ఏకంగా డిస్కే కనబడుతుంది, లోపల పెట్టినట్టు. ఆ కలిపే పద్ధతి ఫైబర్ చానల్ గానీ ఐస్కజీ గానీ కావచ్చు. డిస్కులో ఎక్కడ ఏముందో మెషీనే రాసుకుంటుంది. ఒక మెషీన్ అయితే బ్రహ్మాండం. రెండు మెషీన్లు ఒకే డిస్కుని అలా పట్టుకుంటే? ఒకటి రాసింది రెండోదానికి తెలియదు. రెండోది దాని మీదే రాసేస్తుంది.

అందుకే శాన్‌కి ప్రత్యేకంగా క్లస్టర్ ఫైల్ సిస్టం, అంటే చాలా మెషీన్లు ఒకే డిస్కు మీద రాసుకోగలిగే పద్ధతి, కావాలి, మధ్యవర్తిగా మెటాడేటా కంట్రోలర్ అనే ఇంకో మెషీన్ కావాలి. 2005లో ఆపిల్ ఎక్స్‌శాన్ తెచ్చినప్పుడు ఒక్కో మెషీన్‌కి లైసెన్స్ 999 డాలర్లు. ఫైబర్ చానల్ కార్డులు, స్విచ్చి ఖర్చు వేరే. అప్పట్లో ఈథర్‌నెట్ అంత వేగం ఇచ్చేది కాదు కాబట్టి ఆ ఖర్చుకి అర్థముంది. ఇవాళ 10 గిగాబిట్ ఈథర్‌నెట్ మీద విండోస్, మ్యాక్ మామూలుగా వాడే ఎస్ఎంబీ ఫైల్ షేరింగ్‌తో సెకనుకి వెయ్యి మెగాబైట్లు తీసుకోవచ్చు. నలుగురు, ఆరుగురు ఎడిటర్లున్న చోట శాన్ ఎందుకండీ?

ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మీరు కొనే నాస్ పెట్టెల్లో కూడా "ఐస్కజీ" అని ఒక ఆప్షన్ ఉంటుంది. యూట్యూబ్‌లో ఎవరో "ఇది ఎస్ఎంబీ కన్నా ఫాస్ట్" అంటాడు. మన కుర్రాడు ఒక ఐస్కజీ డిస్కు తయారుచేసి రెండు విండోస్ మెషీన్లకీ తగిలిస్తాడు. మొదటి రోజు బాగానే కనబడుతుంది. ఒకడు పెట్టిన ఫైలు ఇంకోడికి కనబడదు, రీస్టార్ట్ చేస్తే కనబడుతుంది. తర్వాత ఒకరోజు "డిస్క్ ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. ఇద్దరు కలిసి వాడే చోట ఐస్కజీ ముట్టుకోవద్దు. ఎస్ఎంబీ. అంతే.

డిస్కులు

ఒక 7200 ఆర్పీఎం హార్డ్ డిస్కు వరసగా చదివితే సెకనుకి 200 నుంచి 250 మెగాబైట్లు ఇస్తుంది. లోపలి అంచుకి వచ్చేసరికి సగానికి పడిపోతుంది. అంటే డిస్కు నిండేకొద్దీ నెమ్మదిస్తుంది. పైగా అది ఒక్కడు వరసగా చదివితే వచ్చే అంకె. ముగ్గురు మూడు చోట్ల నుంచి అడిగితే? మూడు బంతులకి వడ్డించేవాడు ఒక్కడే అనుకోండి. ఈ బంతిలో పప్పు వేసి ఆ బంతికి పరిగెత్తి, మళ్లీ ఇక్కడికి. వడ్డన కన్నా పరుగే ఎక్కువ. డిస్కులో హెడ్ చేసేది అదే. వడ్డించేవాళ్లని పెంచాలి, అంటే డిస్కుల సంఖ్య పెంచాలి. అందుకే నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను: నాలుగు పెద్ద డిస్కుల కన్నా ఎనిమిది మధ్యరకం డిస్కులు మేలు. ఇవాళ నాలుగే కొనగలిగితే ఎనిమిది డిస్కులు పట్టే పెట్టె కొని సగం ఖాళీగా ఉంచండి.

రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడటం. రెయిడ్ 5 అంటే ఒక డిస్కు పోయినా డేటా ఉంటుంది. రెయిడ్ 6 అంటే రెండు పోయినా ఉంటుంది. నా ఓటు రెయిడ్ 6కే. ఎందుకో లెక్క చూడండి. 16 టీబీ డిస్కు పోయింది. కొత్తది పెట్టారు. రీబిల్డ్, అంటే పోయిన డేటాని కొత్త డిస్కులో మళ్లీ రాయడం, సెకనుకి 200 మెగాబైట్ల చొప్పున, ఎవరూ ముట్టుకోకుండా ఉంటే, 22 గంటలు. మీరు ఎడిటింగ్ ఆపరు కాబట్టి రెండు మూడు రోజులు కావచ్చు. ఆ రోజులంతా మిగతా డిస్కులన్నీ మొదటి నుంచి చివరి దాకా చదవబడుతూనే ఉంటాయి. అన్నీ ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే బ్యాచ్‌లో కొన్నవి. రెయిడ్ 5లో ఆ సమయంలో ఇంకోటి పోతే? రిలీజ్ వారంలో ఆ టెన్షన్ మీకు అవసరమా?

కొనేటప్పుడు సీఎంఆర్ డిస్కు అని అడిగి తీసుకోండి. ఎస్ఎంఆర్ అని ఇంకో రకం ఉంది, పెంకుల్లా ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకచోట తిరగరాయాలంటే పక్కవీ రాయాలి, రెయిడ్ రీబిల్డ్‌లో చుక్కలు చూపిస్తుంది. 2020లో వెస్ట్రన్ డిజిటల్ వాళ్ల రెడ్ సిరీస్‌లో కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది. అప్పటి నుంచి కంపెనీలు ఏ మోడల్ ఏదో వెబ్‌సైట్‌లో చెబుతున్నాయి. మోడల్ నంబరు చూసుకుని కొనండి, డబ్బా మీది రంగు చూసి కాదు.

ఇప్పుడు టెరాబైట్ల లెక్క. ఎనిమిది 12 టీబీ డిస్కులు. మొత్తం 96. రెయిడ్ 6లో రెండు డిస్కుల చోటు రక్షణకే పోతుంది, మిగిలేది 72. విండోస్‌లో చూస్తే 65 అంటుంది, ఎందుకంటే అది 1024లతో లెక్కిస్తుంది. అందులో ఇరవై శాతం ఖాళీ ఉంచాలి, నిండితే ఏ ఫైల్ సిస్టమైనా నీరసపడుతుంది, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమైతే మరీనూ. మిగిలింది 52. తొంభై ఆరు కొన్నానన్న మనిషి చేతిలో ఉన్నది యాభై రెండు. క్లయింట్‌కి స్టోరేజీ ఛార్జ్ వేసేటప్పుడు ఈ రెండో అంకె మీద వేయండి.

వైర్ల గురించి రెండు ముక్కలు. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ 55 మీటర్ల దాకా వెళ్తుంది, క్యాట్ 6ఏ మీద 100 మీటర్లు. చిన్న స్టూడియోలో 55 దాటదు. కానీ మార్కెట్లో చవకగా వచ్చే క్యాట్ 6లో చాలావరకు రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. సీసీఏ అంటారు. కొన గీకి చూడండి, లోపల తెల్లగా కనబడుతుంది. అది వద్దు. నాస్, స్విచ్చి ఒకే ర్యాక్‌లో ఉంటే ఎస్ఎఫ్‌పీ ప్లస్ అనే 10 గిగాబిట్ పోర్టులు, వాటికి గుచ్చే డీఏసీ అనే పొట్టి రాగి కేబుల్ వాడండి, చవక, వేడెక్కవు. పై అంతస్తుకి, పక్క బిల్డింగ్‌కి వెళ్లాలంటే ఫైబర్ వేయండి. పిడుగు పడ్డప్పుడు రాగి వైరు ఆ దెబ్బని అటూ ఇటూ మోసుకొస్తుంది, ఫైబర్ మోయదు.

సౌండ్ వాళ్ల సంగతి

వెనక వరసలో నిద్రపోతున్నవాళ్లు లేవండి, మీ వంతొచ్చింది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒక మోనో ట్రాక్ సెకనుకి 144 కిలోబైట్లు. 128 ట్రాకులు వేసినా పద్దెనిమిదిన్నర మెగాబైట్లు. మీకు గిగాబిట్టే ఎక్కువ. మరి సౌండ్ సెషన్ నెట్‌వర్క్ మీద ఎందుకు తడబడుతుంది? మీది వేగం సమస్య కాదు, ఆలస్యం సమస్య. ఎడిటర్ పెద్ద ఫైళ్లు కొన్ని చదువుతాడు. మీ సెషన్‌లో వందల కొద్దీ చిన్న చిన్న ముక్కలు, ఫేడులు. ప్రతిదానికీ హెడ్ ఎగరాలి, ప్రతిదానికీ నాస్‌తో ఓ మాట మాట్లాడాలి. అదే సమయంలో పక్కగదిలో ఎడిటర్ 200 జీబీ కాపీ పెట్టాడనుకోండి, మీ ప్లేబ్యాక్ గొంతు పట్టుకుంటుంది.

కాబట్టి రికార్డింగ్ ఎప్పుడూ లోకల్ ఎస్ఎస్‌డీ మీదే. డబ్బింగ్ ఆర్టిస్టు ఏడుపు సీన్ ఒక్క టేక్‌లో ఇచ్చేశాక "సారీ అమ్మా, సర్వర్ ఆగింది" అంటారా? రికార్డింగ్ అయ్యాక నాస్ మీదకి కాపీ. శాంపుల్ లైబ్రరీలు కూడా లోకల్‌గానే ఉంచండి. నాస్ మీద ఉండాల్సింది సెషన్ మాస్టర్ కాపీ, ఎఫెక్ట్స్ లైబ్రరీ, పిక్చర్ ఫైలు. ఆ పిక్చర్ కూడా ఎడిటర్‌ని 1080 తేలికపాటి ఫైలు అడగండి. మిక్సింగ్‌కి యూహెచ్‌డీ హెచ్‌క్యూ ఎందుకు?

ఎఫెక్ట్స్ ఒక్కటి నాస్ మీద పెట్టినా చాలు, నా దృష్టిలో సౌండ్ స్టూడియోకి సగం లాభం వచ్చినట్టే. ప్రతివాడి ల్యాప్‌టాప్‌లో ఒక్కో లైబ్రరీ ఉండి, "ఆ ఆటో సౌండ్ ఎవడి దగ్గరుంది?" అని ఫోన్లు చేసుకోవడం పోతుంది.

నెట్‌వర్క్ వైరు మీద ఆడియో పంపే డాంటే వాడేవాళ్లు ఎవరున్నారు? ముగ్గురు. మీకు ప్రత్యేకంగా చెప్పాలి. డాంటే ఆడియోని స్టోరేజీ స్విచ్చిలో కలపకండి. వేరే స్విచ్చి పెట్టండి. కుదరకపోతే వేరే వీల్యాన్, అంటే అదే స్విచ్చిలో విడి నెట్‌వర్క్, చేసి ప్రాధాన్యం సెట్ చేయించండి. స్విచ్చిలో కరెంటు ఆదా చేసే గ్రీన్ ఈథర్‌నెట్ ఆప్షన్ ఆపేయండి. అది పోర్టుని కునుకు తీయిస్తుంది, డాంటే క్లాక్ అటూఇటూ అవుతుంది, ఎక్కడో "టిక్" మని వస్తుంది, ఆ టిక్ కోసం ప్లగిన్లన్నీ వెతుకుతారు.

ఇంకోటి. నాస్‌ని రికార్డింగ్ గదిలో పెట్టకండి. ఎనిమిది డిస్కులు తిరిగితే వచ్చే ఆ సన్నని గురగుర మైకుకి వినబడుతుంది. బయట పెట్టండి. బయట అంటే మెట్ల కింద తలుపులేసిన గూట్లో కాదు, గాలి ఆడాలి. రాత్రి ఏసీ ఆపేసి వెళ్తారు, నాస్ ఆగదు. మే నెలలో ఆ గది ఎంత కాగుతుందో ఒకసారి నాస్ స్క్రీన్ మీద డిస్కుల టెంపరేచర్ చూడండి. 45 లోపు ఉంటే సంతోషం.

ఒకే దారి, ఒకే పేరు

పెట్టె వచ్చింది, వైర్లు బాగున్నాయి, వేగం వచ్చింది. అయినా ఎడిటర్ ప్రాజెక్టు తెరవగానే స్క్రీన్ ఎర్రబడుతుంది. "మీడియా ఆఫ్‌లైన్." ఎందుకు? ఒక మెషీన్‌లో నాస్ జెడ్ డ్రైవు, ఇంకోదాంట్లో వై డ్రైవు. ప్రాజెక్టు జెడ్ అని రాసుకుంది, ఇక్కడ జెడ్ లేదు. అన్ని విండోస్ మెషీన్లలోనూ ఒకటే అక్షరం పెట్టండి. మ్యాక్‌లో షేర్ పేరు ఒకటే ఉండాలి. ఒకే షేర్‌ని రెండుసార్లు మౌంట్ చేస్తే మ్యాక్ చివర 1 తగిలిస్తుంది, అక్కడ లింకులు తెగుతాయి. విండోస్, మ్యాక్ రెండూ ఉన్నచోట డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్, కలర్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్డ్ మౌంట్ అని ఉంది, ఈ దారి ఆ దారి ఒకటే అని చెప్పుకోవచ్చు.

రిజాల్వ్ వాడేవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. మీడియా వేరు, ప్రాజెక్టులుండే డేటాబేస్ వేరు. ఇద్దరు కలిసి పనిచేయాలంటే బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల ప్రాజెక్ట్ సర్వర్ ఉచితంగా దొరుకుతుంది, వెనకాల పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నడుస్తుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక చిన్న మెషీన్ మీద పెట్టండి, రోజూ బ్యాకప్ తీయించండి. నాస్‌లో 50 టీబీ ఫుటేజ్ భద్రంగా ఉండి డేటాబేస్ పోయిందనుకోండి, గ్రేడింగ్ మొత్తం మొదటి నుంచి చేయాలి.

ప్రీమియర్‌లో 2020 నుంచి ప్రొడక్షన్స్ అనే సదుపాయం ఉంది. ఒక రీలు ఒకరు తెరిస్తే ఇంకొకరికి తాళం పడుతుంది, చూడొచ్చు, రాయలేరు. మామూలు ప్రాజెక్టు ఫైలుని నాస్ మీద ఇద్దరూ తెరిస్తే చివర సేవ్ చేసినవాడిదే రాజ్యం. ఆడియో సెషన్లూ అంతే. అవిడ్ వాడేవాళ్లు మీడియా ఫైల్స్ ఫోల్డరులో ప్రతి మెషీన్‌కీ సొంత ఫోల్డరు ఉండేలా చూసుకోండి, లేకపోతే ఇండెక్స్ ఫైళ్ల కోసం మెషీన్లు కొట్టుకుంటాయి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా క్యాష్, అంటే అది చేసుకునే తాత్కాలిక ఫైళ్లు, మాత్రం లోకల్ ఎస్ఎస్‌డీ మీదే ఉండాలి.

కెమెరా ఒరిజినల్స్ ఫోల్డరుకి ఎడిటర్లకి చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. కార్డు దించే మనిషి లాగిన్ ఒక్కదానికే రాసే హక్కు. ఎడిటర్లని నమ్మక కాదండీ. రాత్రి రెండు గంటలకి డిలీట్ నొక్కే వేలు ఎవరిదైనా ఒకటే.

రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?

ఈ ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. రెయిడ్ డిస్కు పోతే కాపాడుతుంది. మీరు డిలీట్ చేస్తే? అన్ని డిస్కుల్లోంచీ చక్కగా, వేగంగా డిలీట్ చేస్తుంది. దొంగతనం, నీళ్లు కారడం, వైరస్, వీటిలో దేనికీ రెయిడ్ పనికిరాదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన క్యూనాప్ కంపెనీ నాస్‌ల మీద పడింది. ఫైళ్లన్నీ తాళం వేసి, ఒక్కో పెట్టెకి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. బయటి నుంచి ఫైళ్లు చూడాలని రౌటర్‌లో పోర్టు తెరిచారా? ఇవాళ ఇంటికెళ్లగానే మూసేయండి. కావాలంటే వీపీఎన్ పెట్టుకోండి.

స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో నాస్ గుర్తుపెట్టుకోవడం, గంటకోసారి పెట్టండి. పొరపాటున చెరిపింది నిమిషంలో తిరిగొస్తుంది. కానీ అదీ అదే పెట్టెలో ఉంది, గుర్తుంచుకోండి. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి బిల్డింగ్ బయట. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

"క్లౌడ్‌లో పెట్టేస్తాం సార్." పెట్టండి, ఏది పెడతారో లెక్క చూసుకుని. పది టీబీ షూట్, అప్‌లోడ్ 100 మెగాబిట్లు, ఒక్క సెకను ఆగకుండా వెళ్తే తొమ్మిది రోజులు దాటుతుంది. ఒరిజినల్స్‌కి అది కుదరదు. ప్రాజెక్టు ఫైళ్లు, సెషన్లు, డేటాబేస్ బ్యాకప్, ఇవన్నీ కలిపినా కొన్ని జీబీలు. ఇవి రోజూ రాత్రి క్లౌడ్‌కి పంపండి. ఒరిజినల్స్ విడి హార్డ్ డిస్కుల మీద, రెండు సెట్లు, ఒక సెట్ ఇంట్లో. ఎల్‌టీఓ టేప్ మంచిదే, ఎల్‌టీఓ 9 ఒక్క టేప్‌లో 18 టీబీ పడుతుంది. కానీ డ్రైవు ధర చూస్తే చిన్న స్టూడియోకి గుండె ఆగుతుంది. నలుగురైదుగురు కలిసి కొనుక్కుంటే వేరే సంగతి.

కార్డు దించేటప్పుడు డ్రాగ్ చేసి వదిలేయకండి. రిజాల్వ్‌లోనే క్లోన్ టూల్ ఉంది, చెక్‌సమ్‌తో సరిచూసి కాపీ చేస్తుంది, పైసా ఖర్చు లేదు. సరిచూడకుండా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

కరెంటు గురించి క్లుప్తంగా. యూపీఎస్ అందరి దగ్గరా ఉంది. దాని నుంచి నాస్‌కి యూఎస్‌బీ వైరు ఎంతమంది పెట్టారు? ఆ వైరు ఉంటేనే "బ్యాటరీ అయిపోతోంది" అని నాస్‌కి తెలిసి తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది. లేకపోతే పది నిమిషాలు ఆలస్యంగా టప్పున ఆగుతుంది, అంతే తేడా. స్విచ్చిని కూడా యూపీఎస్ మీదే పెట్టండి. నాస్, ఎడిటింగ్ మెషీన్ రెండూ బతికుండి మధ్యలో స్విచ్చి పోతే సేవ్ ఎక్కడికి వెళ్తుంది?

ప్రశ్నలు

పాత పీసీ ఉంది, దాన్నే నాస్ చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. పీసీని నాస్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ట్రూనాస్ ఉచితం, జెడ్ఎఫ్ఎస్ గట్టిది. 10 గిగాబిట్ కార్డు ఒకటి వేయండి, డిస్కులు మాత్రం కొత్తవి పెట్టండి, వీలైతే తప్పులు తనే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ వేయండి. కానీ రాత్రి పదకొండింటికి అది ఆగితే ఎవరు చూస్తారు? స్టూడియోలో ఆ సరదా ఉన్న మనిషి ఉంటే చేయండి. లేకపోతే రెడీమేడ్ పెట్టె కొనండి, ఆ ఎక్కువ డబ్బు దానికే.

మొత్తం ఎస్ఎస్‌డీలతో నాస్ కట్టొచ్చా? నడుస్తున్న ఒకటి రెండు ప్రాజెక్టుల వరకు బాగుంటుంది, వడ్డించేవాడి పరుగు గొడవ ఉండదు. మొత్తం నిల్వ దాని మీద కట్టాలంటే డబ్బు సరిపోదు. చిన్న ఎస్ఎస్‌డీ వాల్యూమ్ పని కోసం, హార్డ్ డిస్కుల వాల్యూమ్ నిల్వ కోసం, రెండూ ఒకే పెట్టెలో పెట్టుకోవచ్చు.

మ్యాక్‌ల సంగతి అడిగారు. మ్యాక్ స్టూడియోకి 10 గిగాబిట్ పోర్టు దానితోనే వస్తుంది. మ్యాక్ మినీకి కొనేటప్పుడే ఆ ఆప్షన్ తీసుకోవాలి. ల్యాప్‌టాప్‌కి థండర్‌బోల్ట్ అడాప్టరు. వైఫై మీద ఎడిటింగ్ అని మాత్రం నన్ను అడగొద్దు.

చివరి ప్రశ్న, ఇప్పుడు డిస్కుల మీద నడుస్తున్న పనిని నాస్ మీదకి ఎప్పుడు మార్చాలి? నడుస్తున్న ప్రాజెక్టుని మధ్యలో మార్చకండి. అది ఉన్నచోటే పూర్తి కానివ్వండి. కొత్తగా వచ్చే చిన్న పని ఒకటి, తొందర లేనిది, దాంతో మొదలుపెట్టండి. కార్డు దించడం నుంచి డెలివరీ దాకా నాస్ మీదే చేయండి. మధ్యలో ఒకరోజు కావాలనే ఒక ఫోల్డరు చెరిపి, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి చూడండి. అది తిరిగి వచ్చి, ప్రాజెక్టు తెరిచినప్పుడు అన్నీ లింక్ అయితే, అప్పుడు పెద్ద పనులు ఎక్కించండి.